అత్త నోరు గీయడం

నలభై రెండేళ్ల వయసులో నాకు ఆయిల్ పెయింటింగ్ పిచ్చి పట్టింది. చిత్తూరు కోర్టులో టైపిస్టుని, ఆదివారాలే తీరిక. మా వీధిలో ఉండే రిటైరైన డ్రాయింగ్ మాస్టారి దగ్గర చేరాను. ఆరు నెలలు కుండలూ మామిడికాయలూ వేయించాక ఆయన, "ఇంక మనిషిని ఎయ్యమ్మా. గంటసేపు కదలకుండా కూసునేవాళ్లను పట్టుకో" అన్నారు.

మా ఇంట్లో గంటసేపు కూర్చునే తీరిక ఉన్నది అత్తకే. కదలకుండా అంటే మాత్రం కష్టం. వీధిలో ఆకుకూరలామె అరిస్తే చాలు, తల తిప్పేసేది.

"అత్తా, మెడ!"

"మెడ ఈడనే ఉండాదిలే మే, నువ్వు ఎయ్యి."

ఆమె చామనఛాయకని గోధుమరంగు ట్యూబు పిండి పూస్తే ముఖం మట్టిముద్దలా తయారైంది. మాస్టారు చూసి, ఎరుపులో కాస్త ఆకుపచ్చ కలపమన్నారు. చెంపకు ఆకుపచ్చేమిటని భయపడుతూనే కలిపాను. ఎముక కింద నీడ పడి చెంప లేచి నిలబడింది. ఆ పూట వంట సంగతే మరిచిపోయాను.

ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడుతుంది. కళ్లూ ముక్కూ అయి నోటి దగ్గరికి వచ్చేసరికి నెల దాటింది. ఈలోగా మా ఆయన వాళ్లమ్మను తిరుపతి తీసుకెళ్లి ఆమె బోసినోటికి పండ్ల సెట్టు కట్టించుకొచ్చారు. ఆదివారం ఆమె కుర్చీలో కూర్చుని నవ్వగానే నాకు నీరసం వచ్చింది. దవడ నిండింది, పెదాలు ముందుకొచ్చాయి. నేను వేసిన లోతు చెంపలకు ఆ నోరు అతకదు.

"కాసేపు తీసేస్తావా అత్తా?"

"తియ్యను. పండ్లతోనే ఎయ్యి."

పది నిమిషాలకే చిగుళ్లు నొప్పెట్టి తనే తీసి గ్లాసు నీళ్లలో వేసింది. "తొరగా ఎయ్యి, ఎవురన్నా వస్తారు" అంది.

అయ్యాక బొమ్మ ఆమె వైపు తిప్పాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది.

"ఇది నేను కాదు మే. మాయమ్మ. నువ్వు యాడ సూసినావు ఆమెను?"

వాళ్లమ్మకు ఒక్క ఫోటో కూడా లేదట. ఆ బొమ్మను తన మంచానికి ఎదురుగా పెట్టించుకుంది. వారం తిరక్కుండానే, "నాది వేరేగా ఎయ్యి, పండ్లు పెట్టుకొనే కూసుంటా" అంది.

ఇప్పుడది సగంలో ఉంది. పండ్లు తెల్లగా వేస్తే ముఖమంతా అవే కనబడుతున్నాయి. బూడిదరంగు కలిపి చూడమని మాస్టారు అంటున్నారు.