పనిచేయని మైకు

రియాద్‌లోని ఒక నిర్మాణ సంస్థలో నేను ఆఫీసు ఉద్యోగిగా చేరిన కొత్తలో జరిగిన సంఘటన ఇది. మా క్రీడా దినోత్సవానికి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పదకొండేళ్లు డిఫెన్స్ ఆడి రిటైరైన ఒక ఆటగాడు అతిథిగా వచ్చారు. బంతితో దూసుకొచ్చేవారిని గుద్ది పడగొట్టడమే ఆయన వృత్తి. కాలేజీ డిబేట్లలో ఆరితేరిన నాకు ఆ వృత్తి న్యాయమా అన్న సందేహం కలిగి, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ప్రశ్నల సమయం రాగానే లేచి మైకు అందుకున్నాను. "మీ దెబ్బకు మళ్లీ ఆడలేకపోయిన వారున్నారా? ఒక్కరి పేరు చెప్పగలరా?" అని ఇంగ్లిషులో అడిగాను.

ఆయన చిరునవ్వుతో, ప్రసంగం కోసం రాసుకొచ్చిన చీటీ తిప్పి చూశారు. "మీరేం అడిగారు?" అన్నారు. నేను అదే ప్రశ్న మరింత పదునుగా అడిగాను. ఆయన మళ్లీ ఆ చీటీనే తిప్పి చూడసాగారు. సభలో గుసగుసలు మొదలయ్యాయి.

మైకు తెచ్చిచ్చిన మా సంస్థ పనివాడు, జగిత్యాల రాజన్న నా చెవిలో, "ఇగ ఆపు తమ్మీ! ఆయన దాస్తలేడు, యాదికొస్తలేదు. బిల్డింగు మీదికెల్లి పడ్డంక మా అన్న గూడ గిట్లనే జేస్తడు. గా ఆటల ఈయన తలకాయకు ఎన్ని దెబ్బలు తాకినయో!" అన్నాడు. వెంటనే మైకు లాక్కుని, మీట నొక్కి ఆపేసి, "మైక్ ఖరాబ్ హోగయా సాబ్!" అని అరిచాడు.

మేనేజర్ నావైపు అనుమానంగా చూశారు.

"అవును సార్, పనిచేయడం లేదు" అన్నాను.

ఆ అబద్ధాన్ని నేటికీ సమర్థించుకోగలను. రెండోసారి వేసిన ఆ ప్రశ్ననే సమర్థించుకోలేను.