సోమన్న విప్పనివ్వని పెన్సిలు

నిన్న పొద్దున కాఫీ గోదాములో కూర్చుని రోజు లెక్క మొదలుపెడుతుంటే ఫోన్ మోగింది.

"నాన్న లేడు బాబాయ్" అన్నాడు సోమన్న కొడుకు.

ఎక్కడికి వెళ్ళాడని అడిగాను.

నా బుర్ర అంతగా మొద్దుబారిపోయింది.

తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట. కొండ మీదికి జీప్ వచ్చేలోపే అయిపోయింది.

నేను పోస్టులు రాసేవాణ్ణి కాదు. బడికి పోకుండా నేర్చుకున్న అక్షరాలు నాకు లెక్కల వరకే సరిపోతాయి. కానీ ఇది రాయాలి.

మన అరకులో చాలామందికి సోమన్న అంటే కాఫీ తోట, పెద్ద నవ్వు. నాకు మాత్రం ఒక పెన్సిలు.

1920ల నాటిది. అడవి సర్వేకి వచ్చిన దొర ఎవరో, సామాను మోసిన సోమన్న తాతకు ఇచ్చి వెళ్ళాడట. తిప్పితే లెడ్ బయటికి వచ్చే రకం. ఆ ఇంట్లో ఎవరు పుట్టినా గుమ్మం పైన దూలం మీద ఆ పెన్సిలుతోనే పేరు రాస్తారు.

మనవరాలు పుట్టినప్పుడు తీసి చూస్తే, లోపల లెడ్‌ను పట్టుకునే చిన్న ఇత్తడి ముక్క విరిగిపోయి ఉంది. కర్రకు ఆనించగానే లెడ్ లోపలికి జారిపోతోంది.

ఆ ముక్క కోసం ఇద్దరం తిరగని చోటు లేదు. పాడేరు, పార్వతీపురం, వైజాగ్. ఇప్పటి పెన్సిళ్ల పార్టులేవీ దానికి పట్టవు.

పార్వతీపురంలో షాపతను నవ్వాడు.

"పెన్సిలుకి పార్టులేటి తాతా? పారేసి కొత్తది కొనుక్కో."

"నీకు పన్నూడితే నిన్ను పారేసి కొత్తోణ్ని తెత్తారేటి మీవోళ్ళు?" అన్నాడు సోమన్న.

షాపతనే మాకు టీ తెప్పించాడు.

ఇంట్లో కూతురి పేరు రాయలేదని కొడుకు గొడవ. "మార్కర్‌తో రాసేద్దాం నాన్నా, గుంటకి నడక కూడా వచ్చేసింది."

"నీ పేరు దేంతో రాసినానో పైకి సూసి మాటాడు."

చివరికి ఆన్‌లైన్‌లో, పాత పెన్నుల గ్రూపులో, అదే మోడల్ ఒకటి దొరికింది. తొడుగు చీలిపోయి ఉంది కానీ లోపలి ముక్క బాగుంది.

పార్సిల్ రాగానే ప్లయర్ తీశాను. సోమన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

పార్సిల్లో వచ్చిన పెన్సిలు చివర పంటి గాట్లు ఉన్నాయి.

"ఎవరిదిది తమ్ముడూ?"

"పాత సామానులో వచ్చిందట అన్నా. అమ్మినాయనకీ తెలీదు."

"కొరుక్కుంటా రాసినాడు సూడు, పాపం. ఆయన్నడక్కుండా ఎలాగ ఇప్పీడం?"

వాళ్ళింట్లో పోయినవాళ్ళ గొడ్డలి ముట్టాలన్నా ఒక పద్ధతి ఉంది. పేరు పెట్టి పిలిచి, నేల మీద కాస్త జీలుగు కల్లు పోసి, అడిగి తీసుకుంటారు.

పేరే తెలియనివాణ్ణి ఎలా పిలవాలి?

అమ్మినాయనకు నాచేత మెసేజ్ మీద మెసేజ్ పెట్టించాడు. ఆయన నన్ను బ్లాక్ చేశాడు.

"పిల్లకి పేరు లేకుండా ఉంచేస్తావా?" అని కోప్పడ్డాను.

"పేరుంది. రాయనేదంతే" అన్నాడు. ఆ ఒక్కసారి నవ్వలేదు.

నిన్న సాయంత్రం మట్టి చేశాం. ఆయన కత్తి, గొడుగు, పొగాకు సంచి గోతిలో ఆయన పక్కనే పెట్టారు. తాత పెన్సిలు కూడా పెట్టేయమన్నారు పెద్దలు. అది వెళ్ళిపోతే దూలం మీద ఇంక కొత్త పేరేదీ ఎక్కదు.

వదిన ఇవ్వలేదు. పెన్సిళ్లు రెండూ కొంగులోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"అడగడానికి మనిషెళ్ళాడు కదా బాబూ. ఇంక నువ్వు ఇప్పు."

తల ఊపాను.

"ఇప్పుడే కాదు. దినం అయిపోనీ. ఆ పంటిగాట్లాయన్ని ఎతుక్కోవాలి కదా, మీ అన్న."

పెన్సిళ్లు నా ముందే ఉన్నాయి. ఆ పంటిగాట్లాయన ఒప్పుకున్నాడో లేదో నాకు కబురెవరు చెబుతారు? ఆ మాట వదినను అడగలేకపోయాను. దినం అయ్యాక నా చెయ్యి ఆడుతుందో లేదో కూడా తెలియదు.

అన్నా, దొరకనిదాని కోసం తిరగడం ఎలా ఉంటుందో మనిద్దరికీ తెలుసు.

ఆయన కనిపిస్తే అడుగు. కనిపించకపోతే ఇంక తిరగకు. ఎక్కడో ఒకచోట చల్లగా కూర్చో.