పసుపు గుడ్డ కట్టిన మోటారు

మూడేళ్ళ కిందట, ఆషాఢం చివర. గోదారి అప్పుడే ఎర్రబడింది. కొవ్వూరులో గట్టు పక్కనే నా షెడ్డు. పంపుసెట్లు, జనరేటర్లు కూడా చూస్తాను గానీ నాకు పేరు తెచ్చినవి పడవ మోటార్లే. అవుట్‌బోర్డ్ మోటారంటే పడవ వెనక చెక్కకి బిగించేదండి. పైన ఇంజను, కింద నీళ్ళలో తిరిగే పంకా. దాని తాడు లాగి లాగి నా కుడి భుజం ఎడమదానికన్నా లావైందని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది.

ఆ రోజు పొద్దున్నే వెంకాయమ్మగారు ఫోను చేశారు. ఎగువన ఏటి మధ్య లంకలో ఉంటారు, చేపలు పట్టే కుటుంబం.

"మా ఆయన మోటారండి. ఆయన పోయాక దాన్నెవరూ నడపలేదు. ఇప్పుడు ఏట్లో దింపాలి. మోసుకురాలేను, మీరే రావాలండి."

"అంత తొందరేంటండీ?"

"కోడలికి నెలలు నిండాయండి. ఏరు దాటించే పంటు ఆపేశారు."

కోడలి పేరు రత్నం. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి నిలిచిన కడుపు, దానికి తోడు బీపీ. వచ్చే వారం వచ్చి చేరమని రాజమండ్రి డాక్టరమ్మ చెప్పింది, కానీ ఏరు అంతవరకూ ఆగలేదు. కొడుకు కాకినాడ బోటు మీద సముద్రంలో ఉన్నాడు, ఫోను అందదు. తెలిసినతను గేదెల్ని తేవడానికి పై లంకకి వెళ్తుంటే ఆ పడవెక్కి దారిలో వీళ్ళ లంకలో దిగాను. తిరిగొచ్చేటప్పుడు పడవ నిండా గేదెలే. వాటి మధ్య నిండు చూలాలిని ఎక్కిస్తామా? గవర్నమెంటు బోటు వస్తుందన్నారు గానీ నొప్పులు దానికోసం ఆగుతాయా? నేను ఇంటికి పోవాలన్నా ఆ మోటారే గతి. బాగుచేయకుండా ఈ లంక దాటేది లేదని గట్టిగా అనుకున్నాను.

అరుగు మీద చెక్క స్టాండుకి బిగించి, పైన గోనెసంచి కప్పి ఉంచారు. ఇంజను ఒక పక్కకి మాత్రం పసుపు గుడ్డ చుట్టి, దారం కట్టారు.

"ఈ గుడ్డేంటండీ?"

"దాన్ని మాత్రం ముట్టుకోకండి. మిగతాదంతా మీ ఇష్టం."

ఏదో మొక్కుబడి అనుకున్నాను. దేవుడి వ్యవహారాల్లో నేను వేలు పెట్టను.

ఏళ్ళ తరబడి పడున్న మోటారుకి మొదటి జబ్బు కార్బురేటర్లో ఉంటుంది. పెట్రోలూ గాలీ కలిసే చోటది. పాత పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, సన్నటి దారులన్నీ మూసుకుపోతాయి. విప్పాను, కడిగాను, తీగతో పొడిచాను. ప్లగ్గు కొత్తది వేశాను. తాడు లాగాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ విప్పాను, మళ్ళీ కడిగాను. తలప్రాణం తోకకొచ్చాక ఒక్కసారి దగ్గి, గుప్పుమని పొగ వదిలి అందుకుంది. మంచం మీద కూర్చున్న రత్నం చప్పట్లు కొట్టింది.

నా మొహంలో మాత్రం నవ్వు లేదు. కింది భాగం నీళ్ళడ్రమ్ములోనే పెట్టాను, నీళ్ళు తోడుకోవాలి. తోడుకున్న నీళ్ళు ఇంజను చల్లబరిచి, పక్కనున్న చిన్న కన్నంలోంచి ధారగా పడాలి. దాన్ని టెల్-టేల్ అంటాం. ధార లేకపోతే లోపల నీళ్ళు తిరుగుతున్నాయో లేదో మనకి తెలీదు. తిరక్కపోతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది, అదీ వరద గోదారి నడిమధ్యలో! ఆ కన్నం సరిగ్గా పసుపు గుడ్డ కిందే ఉంది. నీళ్ళొస్తే గుడ్డయినా తడవాలి కదా, తడవలేదు.

మోటారు ఆపి కింది భాగం విప్పాను. ఇంపెల్లర్, అంటే నీళ్ళు తోడే రబ్బరు చక్రం, రెక్కలు ముడుచుకుని కర్రలా బిగిసిపోయింది. కొత్తది తెచ్చుకున్నాను కాబట్టి సరిపోయింది. వేశాను, తాడు లాగాను. గుడ్డ అలాగే పొడిగా ఉంది. ఇంక మిగిలింది ఆ గుడ్డే. మోటారు ఆపి చెయ్యి వేశాను.

"ముట్టుకోవద్దన్నానా!" అని వెంకాయమ్మగారు అడ్డంగా వచ్చేశారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏంటండీ మీ మంకుపట్టు? ఏటి మధ్యలో ఇది ఆగిపోతే ఆ పిల్లనేం చేస్తారు? ఈదమంటారా?"

"అత్తా, చెప్పేయ్," అంది రత్నం నెమ్మదిగా.

"దాని కింద కుమ్మరి పురుగు గూడుందండి," అన్నారావిడ. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

కుమ్మరి పురుగంటే మట్టితో గూడు కట్టే కందిరీగలాంటిది. అది ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో ఎవరో నెల తప్పుతారని మా వైపు నమ్మకం. కాన్పయ్యేదాకా గూడు చెదరగొట్టరు. ఇది కట్టిన నెలలోనే రత్నానికి నిలిచింది. చీపురు తగులుతుందేమోనని అత్తగారు గుడ్డ కట్టి కాపాడుకొచ్చారు. నా కోపం అంతా ఎటో పోయింది. మా అమ్మయినా అదే పని చేసేది.

"చెయ్యి వెయ్యనండి, చూస్తానంతే," అన్నాను.

దారం ఆవిడే విప్పారు. పిడికెడు మట్టి, సరిగ్గా కన్నం మీదే. ఫోను లైటు వేసి చూశాను. చూస్తూనే ప్రాణం లేచొచ్చింది.

"ఇటు చూడండి. పురుగు గుడ్డు పెట్టి, గూడు మూసేసి పోతుంది. ఇప్పుడు గది గదికీ గుండ్రటి కన్నముంది. పిల్లలు లోపల్నుంచి కొరుక్కుని ఎగిరిపోయాయండి. ఇది కాన్పయిపోయిన ఇల్లు."

ఆవిడ దగ్గరికొచ్చి చాలాసేపు చూశారు. "అన్నీ సుఖంగానే పోయాయా?"

"ఒక్కటి కూడా లోపల ఉండిపోలేదండి."

చెంబుతో నీళ్ళు తెచ్చి, తడిపి, ఆ మట్టి తన చేత్తోనే తీసి ఏట్లో కలిపారు. కన్నం లోపలిదాకా దిగిన మట్టిని నేను తీగతో లాగేశాను. మోటారు వేస్తే ముందు బురద కక్కింది, తరవాత తెల్లటి ధార.

"పోస్తోంది! పోస్తోందే రత్నం!" అని చిన్నపిల్లలా గంతులేశారు.

మోటారు పడవకి బిగించి నేనే నడపబోతే ఆవిడ నన్ను పక్కకి జరిపారు. "మీరు మోటారు చూడండి. ఏరు నేను చూస్తాను." చూశారండీ బాబూ! సుడులు తప్పించి, కొట్టుకొచ్చే దుంగలకి దారిచ్చి, వడికి ఏటవాలుగా పడవని కోసుకుంటూ తీసుకెళ్ళారు. నేను ఆ ధార మీంచి కళ్ళు తిప్పితే ఒట్టు. రాజమండ్రి రేవులో దిగాక రత్నం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాలుగు రోజులకి ఫోనొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం.

అప్పట్నుంచి చాన్నాళ్ళు పడున్న మోటారు ఏదొచ్చినా వెంటనే తాడు లాగను. "దీన్ని పక్కన పెట్టాక మీ ఇంట్లో ఏం జరిగిందండీ?" అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ.

మొన్న వేసవి అయ్యాక ఆ లంక నుంచి మళ్ళీ కబురొస్తే వెళ్ళాను. మోటారుకి మళ్ళీ పసుపు గుడ్డ! గబగబా వంగి కన్నం కోసం చూశాను.

"కంగారు పడకండి," అని వెంకాయమ్మగారు నవ్వారు. "ఈసారి పురుగు బుద్ధిగా కన్నం వదిలేసి, జానెడు పైన కట్టింది."

రత్నం వైపు చూశాను. పాపని ఎత్తుకుని, సిగ్గుతో మొహం పక్కకి తిప్పుకుంది.