మూడు క్లెయిముల జీపు

ఎనభైల చివర్లో, ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను జగిత్యాల బ్రాంచికి అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా వేశారు. సాధారణ బీమా సంస్థలో అధికారుల నిచ్చెనకు అది అట్టడుగు మెట్టు. ఆ సంగతి నేనెవరికీ చెప్పేవాణ్ని కాను. హోదా పూర్తిగా పలికితే పెద్ద ఉద్యోగంలాగే వినబడేది.

నాకు వాహన బీమా అప్పగించారు. చేరిన నెలకే రాజమల్లు ఫైలు వచ్చింది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు ప్రయాణికులను చేరవేసే జీపు అతనిది. రెండేళ్లలో మూడు క్లెయిములు. అలాంటి డ్రైవరును మేము 'హై రిస్క్' అంటాం. అతని ప్రీమియం పెంచవచ్చు; దాన్ని లోడింగ్ అంటారు. లేదంటే సమగ్ర బీమా నిరాకరించి, ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే పాలసీ ఇవ్వవచ్చు. నేను నిరాకరణకే మొగ్గాను. కానీ జీపు బ్యాంకు అప్పుతో కొన్నది. సమగ్ర బీమా లేకపోతే బ్యాంకు దాన్ని జప్తు చేస్తుంది. అందుకని ముందు అతను బండి ఎలా తోలతాడో చూసి రమ్మన్నారు మేనేజరుగారు.

మర్నాడు ఉదయం కోరుట్లలో ముందు సీట్లో కూర్చున్నాను. వెనక సీట్లలో, కూతురిని చూడటానికి సిరిసిల్ల పోతున్న ఎల్లవ్వ, మరో ఐదుగురు. చేతిలో నోటు పుస్తకం తెరిచి, రాజమల్లు తప్పు కోసం కాచుకున్నాను.

ఊళ్లు దాటాక అతను ఒక్కసారిగా బ్రేకు వేశాడు. నా నుదురు అద్దానికి తగిలింది. యాభై అడుగుల దూరంలో, రోడ్డు మధ్యన ఒక టిఫిన్ డబ్బా ఉంది.

"అందరు దిగుండ్రి. ఎనుకకు నడువుండ్రి," అన్నాడు రాజమల్లు.

ఇలా హఠాత్తుగా ఆపితే వెనక వచ్చే బండి గుద్దదా అని గద్దించాను.

"గుద్దితె బంపర్ పోతది సార్. గది పేలితె మనం పోతం. పోలీసోళ్లు గిసొంటి జీపులల్లనే తిరుగుతరు. మందుపాతర పెట్టిన నక్సలైట్లకు నా జీపేదో, పోలీసు జీపేదో ఎట్ల తెలుస్తది? నా మూడు క్లెయిములు గిట్ల ఆపినప్పుడు ఎనుకనుంచి లారీలు గుద్దినయే."

నేను తప్ప అందరూ దిగి వెనక్కి నడిచారు. వెనక వచ్చే బండ్లను ఆపడానికి అతను తువ్వాల ఊపుకుంటూ వెళ్లాడు. ఎవరిదో సద్ది డబ్బా చూసి ఇంత భయమా అనుకున్నాను. అధికారి ధైర్యం ఎలా ఉంటుందో చూపించాలనిపించింది. డ్రైవరు సీట్లోకి జరిగి, డబ్బా పక్కనుంచి పోనిద్దామని జీపును రోడ్డు అంచుకు తిప్పాను. ముందు చక్రం కాలువలోకి దిగింది. జీపు మూతి కల్వర్టు గోడకు తగిలి రేడియేటర్ పగిలింది.

అంతలో ఒక రైతు, దారిలో జారిపోయిన డబ్బాను వెతుక్కుంటూ సైకిలు మీద వెనక్కి వచ్చాడు. డబ్బా తీసి, మూత విప్పి చూసుకున్నాడు. లోపల మొక్కజొన్న రవ్వతో వండిన గటుక చెక్కుచెదరలేదు. "నా సద్దికి భయపడి కాల్వల పడ్డరా?" అని అడిగాడు.

"సారుకు తోలరాదు, అయ్యా," అంది ఎల్లవ్వ.

డబ్బా విషయంలో నా అంచనా నిజమైంది. మిగతా అన్నిటిలోనూ తప్పింది.

రాజమల్లు నన్ను పక్కకు పిలిచాడు. "నేనే తోలిన్నని రాసుకోండ్రి సార్. మీ నౌకరికి తిప్పలెందుకు?" అన్నాడు. నాలుగో క్లెయిము పడితే అతని జీపు పోతుంది. అది తెలిసి కూడా ఒక నిమిషం ఆలోచించాను. సిగ్గుపడవలసినది కాలువలో పడినందుకు కాదు, ఆ నిమిషానికి.

క్లెయిము ఫారంలో డ్రైవరు పేరు దగ్గర నా పేరే రాశాను. తర్వాతి గడి లైసెన్సు చెల్లుబాటు. జేబులోంచి తీసి చూస్తే నా లైసెన్సు గడువు తీరి ఎనిమిది నెలలైంది. అలాంటి క్లెయిమును తిరస్కరించడమే నా ఉద్యోగం కాబట్టి, తిరస్కరిస్తూ నేనే సంతకం పెట్టాను. రేడియేటర్ నా జీతంలోంచి బాగైంది.

ఆఫీసుకు వచ్చి పాత ఫైళ్లు విప్పాను. నష్టం అంచనా వేసే సర్వేయరు గీసిన బొమ్మలు మూడింటిలోనూ దెబ్బ వెనకవైపే ఉంది. నేను సంఖ్య చూశాను, బొమ్మలు చూడలేదు. జరిగినదంతా నివేదికలో రాశాను. రాజమల్లుకు లోడింగ్ లేకుండా పాలసీ వచ్చింది. నాకు మెమో వచ్చింది: అధికారులు వాహనాలను తనిఖీ చేయాలి, నడపరాదు.

క్లెయిములు ఎన్నో లెక్కపెట్టే ముందు, దెబ్బ బండికి ఏ వైపు తగిలిందో చూడాలి. ఆ సంగతి మా శిక్షణ పుస్తకంలో ఉంది. నేను చదివి పరీక్ష కూడా ప్యాసయ్యాను.