అయిదు క్లిప్పుల బావ

మా బావ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అక్క "కంప్యూటర్ ముందు కాపలా కాస్తారు" అంటుంది. బావకు ఒళ్ళు మండుతుంది. "కాపలా కాదు, పర్యవేక్షణ" అంటాడు. ఆయన పనిచేసే బస్సు కంపెనీలోనే నేను కింద టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటాను. ఉండేది కూడా వాళ్ళింట్లోనే. రెండు వైపులా చూసినదాన్ని కనుక చెబుతున్నాను, అది కాపలాయే.

ఆయన గది పై అంతస్తులో. డ్రైవర్ల డ్యూటీ చీట్లు, టికెట్ల లెక్కలు, డీజిల్ రిపోర్టులు, అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ గుండా బయటికి రావాలి. అది ఒకేసారి నాలుగు పనులే చేస్తుంది. మిగతావి క్యూలో నిలబడాలి. ఆ క్యూకీ ఒక హద్దు ఉంది, పెట్టింది మా బావే. హద్దు నిండాక వచ్చిన పనిని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. ఏది మొదలైంది, ఏది ముగిసింది, ఏది మధ్యలో చతికిలబడింది అని ఆయన రెప్ప వాల్చకుండా తెర చూస్తుంటాడు. డ్రైవర్లు ఆయన్ని కళ్ళజోడు సారు అంటారు.

ఆఫీసులో ఏం చేసుకుంటే నాకేం? ఆ పిచ్చి ఇంటికి పట్టుకొచ్చాడు. వంటింట్లో చిన్న దండెం కట్టి అయిదు బట్టల క్లిప్పులు తగిలించాడు. ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా ఒక క్లిప్పును ఎడమవైపుకు జరిపి, అప్పుడు చెప్పాలి. పని తీరాక ఆయన దాన్ని కుడివైపుకు జరుపుతాడు. అయిదూ ఎడమవైపే ఉంటే ఆరో మాట వినడు. "క్యూ ఫుల్" అని చెయ్యూపి పేపర్లో తల దూరుస్తాడు.

మొదటి క్లిప్పు వంటింటి కుళాయిది. కుళాయి కారుతోంది, సరైన వాషరు దొరకడం లేదు. అది తీరితేగానీ రెండోదాన్ని ముట్టుకోడు. దాని వెనకాల స్నానాలగది గడియ, గోడగడియారం, చెప్పుల స్టాండు, చివర నా గది ఫ్యాను. నాకు ఓపిక తక్కువ, ఫ్యాను నేనే బాగుచేయించుకున్నాను. అయినా ఆ క్లిప్పును కదపలేదు మహానుభావుడు. క్యూ తప్పుతుందట! నాకు ఆ దండెంతోనే ఆయన్ని కట్టేయాలనిపించింది.

ఇలా ఉండగా, టీచరుగా చేస్తున్న మా అక్కను పక్క ఊళ్ళో కొత్త బడికి హెడ్మిస్ట్రెస్‌గా రమ్మన్నారు. వెళితే ఇల్లు మారాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఆ బడి మాటెత్తితే చాలు, అక్క ముఖం వెలిగిపోయేది.

"ఏమండీ, ఒక మాట" అంది ఆ కబురు వచ్చిన రోజే.

"క్లిప్పు ఖాళీ ఉందా?" అన్నాడు బావ, తల కూడా ఎత్తకుండా.

అక్క మరి నోరెత్తలేదు. నేను చెబుతానంటే, చెప్పనని ఒట్టు వేయించుకుంది. "ఒక్క మాట వినమంటే క్లిప్పుందా అన్న మనిషిని ఇల్లు మారదామని ఏ ముఖం పెట్టుకుని అడగనే? రానని చెప్పేస్తాలే" అంది. పంతంలో ఇద్దరూ ఇద్దరే.

శుక్రవారం పొద్దున బావ మహా హుషారుగా ఉన్నాడు. "ఇక తెర చూస్తూ కూర్చోనక్కర్లేదు. క్యూ నిండబోతోందంటే చాలు, నా బల్ల మీద గంట దానంతటదే మోగుతుంది. నిన్ననే అమర్చాను" అని గొప్పలు పోయాడు. అక్క కాఫీ ఇచ్చింది.

మధ్యాహ్నం మూడు దాటాక డ్రైవర్లంతా నా కిటికీ మీద పడ్డారు. "మా డ్యూటీ చీట్లేవమ్మా? బస్సులు నువ్వు తోలతావా?" అని ఒకాయన కేకలు. నేను మెట్లెక్కి పైకి వెళ్ళాను. బావ తెర ఆర్పేసి, ఎదుటి కుర్చీ మీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"బావా, కింద నన్ను నమిలేస్తున్నారు. చీట్లు రాలేదు!"

"వస్తాయిలే. ఏదైనా తేడా ఉంటే గంట మోగేది కదా. మోగలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే."

"ముందు ఆ తెర వెయ్యి!"

వేశాడు. డీజిల్ గుమాస్తా ఏడాది రిపోర్టు కావాలని ఒకసారి నొక్కి, రావడం లేదని మళ్ళీ మళ్ళీ నొక్కాడు. నాలుగు చోట్లా అదే రిపోర్టు తిష్ఠ వేసుకుని ఉంది. వెనక చీట్లూ లెక్కలూ హద్దు దాకా కిక్కిరిసి ఉన్నాయి. బావ కిందికి జరుపుకుంటూ పోయి చివరి వరస దగ్గర ఆగిపోయాడు. ఆయన గంటను కూడా మిగతా పనుల్లాగే ఒక పనిగా పెట్టాడు. క్యూ నిండుతోందని అరవాల్సిన గంట, అదే క్యూలో ఆఖరున నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే కోపం ముంచుకొచ్చింది. "ఇంట్లో మా అక్క కూడా అచ్చం ఇలాగే నిలబడి ఉంది బావా!"

"ఏంటి సంగతి?"

"నేను చెప్పకూడదు, ఒట్టు వేయించుకుంది. అయిదింటిలోగా నువ్వు వినకపోతే మాత్రం ఇక వినడానికేమీ మిగలదు."

బావ గబగబా ఆ రిపోర్టులన్నీ ఆపేశాడు, చీట్లు బయటికి రావడం మొదలైంది. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సంచీ కూడా తీసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాడు. నా కిటికీ పక్కావిడకు అప్పగించి నేనూ వెనకాలే పడ్డాను.

మేం వెళ్ళేసరికి, బడి నుంచి అప్పుడే వచ్చిన అక్క వంటింట్లో ఫోను చేతిలో పట్టుకుని నంబరు నొక్కబోతోంది.

"ఆగు! ఏంటో చెప్పు ముందు" అన్నాడు బావ రొప్పుతూ.

"క్లిప్పు ఖాళీ లేదండీ" అంది అక్క.

బావ ఒక్క ఊపున దండెం లాగేశాడు. క్లిప్పులన్నీ చెల్లాచెదురయ్యాయి. "కుళాయి కారితే కారనీ. నువ్వు చెప్పు."

అక్క చెప్పింది. ఆయన నేల మీదే చతికిలబడి ఒక్క మాటకు కూడా అడ్డం రాకుండా విన్నాడు. "ఇంత మాటను కుళాయి వెనక నిలబెట్టానా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వస్తానని చెప్పెయ్యి. నేను రోజూ బస్సులో వచ్చి పోతాను. చేసేది బస్సు కంపెనీలోనేగా!"

అక్క అప్పుడే ఫోన్ చేసి సరేనంది.

పాత ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్నాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. కొత్త ఇంట్లో బావ మళ్ళీ దండెం కట్టాడు, ఆ మనిషికి మందు లేదు. అయితే దండేనికి దూరంగా, ఒక మేకుకు ఎర్ర క్లిప్పు ఒకటి విడిగా తగిలించాడు. అది అక్కది, తీసిందంటే బావ అప్పటికప్పుడే వినాలి. దానికి క్యూ లేదు, హద్దు లేదు. దానితో పిలవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. అప్పుడప్పుడూ అక్క దాన్ని ఊరికే కొప్పులో పెట్టుకుని తిరుగుతుంది. అది కంటపడగానే బావ పేపరు పడేసి, "ఏంటి, చెప్పు" అంటూ లేచి నిలబడతాడు.