పడుగుల గేరి వెడల్పయింది

నాగప్ప తెల్లవారుతూనే గేరిలోకి వచ్చి ఒకసారి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వింటే గద్వాలలోని నేతగాళ్ళ వీధి, పడుగుల గేరి, మొత్తం కదిలేది. ఒకరు వెదురు బద్దలు తెచ్చేవారు, ఒకరు గంజి కుండ దించేవారు. పడుగంటే చీరలో నిలువుగా సాగే దారాలు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని వీధి పొడవునా బిగించి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. పది మంది చేతులు పడందే అయ్యే పని కాదు. అందుకే పడుగు ఎవరిదైనా గేరి అంతా వచ్చేది. యాభై ఏళ్ళు దాటిన నాగప్ప ఆ పనికి పెద్ద. దారం ఎక్కడ తెగిందో ఆయన వేళ్ళకు తెలుస్తుందని చెప్పుకునేవారు.

గేరి మాత్రం మరీ ఇరుకు. పడుగు కట్టినప్పుడు మనుషులు గోడలకు వీపులు ఆనించి నడిచేవారు. కుంచె పట్టిన మోచేయి గోడకు గీసుకుపోయి నాగప్పకు అక్కడ చర్మం నల్లగా గట్టిపడింది.

2005లో గేరిని కొలవడానికి మున్సిపాలిటీ నుంచి ఒక సారు వచ్చాడు. దీన్ని నలభై అడుగుల రోడ్డు చేస్తారని, ఇంటింటి నుంచీ ఒప్పుకుంటూ సంతకాలు కావాలని చెప్పాడు. ఎవరూ ముందుకు రాకపోయేసరికి నాగప్పను పక్కకు పిలిచాడు.

“పెద్దాయనా, రోడ్డు వెడల్పయితే మీకే మంచిది. ఇప్పుడు ఒక్క పడుగుకే తావు లేదు. రేపు మూడు పక్కపక్కన కట్టుకోవచ్చు.”

ఆ మాట నాగప్ప మనసులో నాటుకుపోయింది. మూడు పడుగులు ఒకేసారి! తన తండ్రి కాలం నుంచీ ఎవరూ చూడనిది. మర్నాటి నుంచి తనే కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎదురింటి ధర్మయ్య చిన్ననాటి నేస్తం. అడిగీ అడగకముందే సంతకం చేశాడు. కళావతి దగ్గరే ఆలస్యమయింది. ఆమె భర్త పోయి మూడేళ్ళు. రెండు గదుల ఇల్లు, ఒక మగ్గం, బడికి పోయే కూతురు.

“మామా, ముందరి అర్ర పోతే మగ్గం యాడ పెట్టాలె?” అని అడిగింది.

“ఎనుకకు జరుపుకుందాం. నా అర్ర గూడ పోతుంది గద! రోడ్డు పడితే మన పనే బాగైతది.”

కళావతి కాగితం వైపు చాలాసేపు చూసింది. “నాకైతే ఏం తెల్వదు. నువ్వు చెప్తున్నవని పెడ్తున్న,” అని సంతకం చేసింది.

గోడలు కూల్చిన రోజు నాగప్ప ముందు గదిలోని గుంత మగ్గం సగం దాకా బయటపడింది. దాన్ని విప్పి వంటగదిలో కొత్తగా గుంత తవ్వి నిలిపాడు. పొయ్యి పెరట్లోకి పోయింది. “వానొస్తే పొయ్యి తడుస్తది, మగ్గం తడవదు. మంచిగనే ఉంది నీ తెలివి,” అంది భార్య జములమ్మ. అన్నదే కానీ, రేకు ముక్క తెచ్చి పొయ్యి మీద కప్పు తనే వేసుకుంది.

రోడ్డు పడిన కొత్తలో సారు చెప్పినట్టే జరిగింది. ఒకనాడు నిజంగానే మూడు పడుగులు పక్కపక్కన కట్టారు. నాగప్ప ఈ చివర నుంచి ఆ చివరకు చేతులు బారజాపుకుని నడిచాడు. ఏ గోడా తగల్లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి చారెడు అన్నం ఎక్కువ తిన్నాడు.

రెండు నెలలకే మోటార్లు మొదలయ్యాయి. ముందు స్కూటర్లు, ఆటోలు, తర్వాత లారీలు. పొద్దున్నే మార్కెట్టుకు పోయేవాళ్ళందరికీ ఇదే దగ్గరి దారి అయింది. ధర్మయ్య ఇల్లు బిల్డరు చేతికిచ్చి కర్నూలులో కూతురింటికి పోయాడు. పోతూ నాగప్పకు చెప్పలేదు. ఇల్లు కూల్చడానికి మనుషులు వచ్చాకే తెలిసింది.

ఒకరోజు కళావతి పడుగు కట్టారు. గంజి సగం పట్టించారు. ధర్మయ్య ఇంటి జాగాలో లేస్తున్న కాంప్లెక్సుకు ఇనుప సలాకలు తెస్తున్న వ్యాను వచ్చి హారను కొట్టింది. నాగప్ప చేతులు ఎత్తి ఎదురుగా నిలబడ్డాడు.

“జర ఆగు అన్నా, గంటల తీసేస్తం!”

“రోడ్డు నీ అయ్యదా? ఎనుక ఎన్ని బండ్లు ఆగినయో చూడు!” అన్నాడు డ్రైవరు.

వెనకున్నవాళ్ళు కూడా అరిచారు. వ్యాను పక్కనుంచి దూరబోయింది. పొడుచుకొచ్చిన ఒక సలాక వెదురు బద్దకు తగిలి, బద్దతోపాటు పడుగును లాక్కుపోయింది. దారాలు చప్పుడు లేకుండా తెగాయి. వ్యాను ఆగేసరికి సగం పడుగు సిమెంటు మీద, నూనె మరకల్లో పడి ఉంది.

కళావతి డ్రైవరును ఒక్క మాట అనలేదు. కింద కూర్చుని దారాలు పోగుచేస్తూ నాగప్పతో అంది: “నీ మాట మీద సంతకం పెట్టిన మామా.”

నాగప్ప కూడా కింద కూర్చుని దారాలు ఏరాడు. తొమ్మిది రోజులు ఆయన, జములమ్మ కలిసి కళావతి ఇంట్లో కూర్చుని తెగిన దారాలు ఒక్కొక్కటే అతికారు. సగం దక్కాయి. నూనె అంటినవి పనికిరాలేదు. ఆ తొమ్మిది రోజులూ కళావతి వాళ్ళకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

తర్వాత నాగప్ప ఊరంతా తిరిగి, అయిజ రోడ్డు పక్కన ప్లాట్లు చేసి తెల్ల రాళ్ళు పాతిన చేను ఒకటి చూశాడు. ఇంకా ఎవరూ ఇళ్ళు కట్టుకోలేదు, పడుగు కట్టడానికి తావు ఉంది. మొదటిసారి పదకొండు మంది నడిచి వచ్చారు. తర్వాత ఏడుగురు. గేరిలో ఇళ్ళు ఒక్కొక్కటే దుకాణాలవుతుంటే జనం తలో దిక్కుకు అద్దెలకు పోయారు. నాగప్ప దగ్గు వినేవాళ్ళే లేరు. ఒక పొద్దున ఆయన, జములమ్మ, బాలన్న అనే ముసలి నేతగాడు, ముగ్గురే మిగిలారు. గంజి పట్టించేలోపే ఒక కొస ఆరి గట్టిపడింది.

“ఇగ చాలు. ఇడ్సిపెట్టు,” అంది జములమ్మ.

ఆ తర్వాత అందరిలాగే ఆయనా ఎక్కడో గంజి పట్టించి చుట్టిన పడుగులు తెచ్చుకుని నేయసాగాడు. పెద్దరికం పోయి ఒట్టి నేతగాడు మిగిలాడు. దానికంటే కళావతి మాటే ఆయన్ను ఎక్కువగా తినేది. నేస్తూ నేస్తూ ఆగిపోయి, “నాకెట్ల తట్టలే, రోడ్డంటే బండ్లొస్తయని?” అని జములమ్మను అడిగేవాడు.

2009లో ఒకనాడు దవాఖాన నుంచి వస్తూ కాంప్లెక్సు ముందు కళావతిని చూశాడు. అందులోని చీరల దుకాణంలో పనికి కుదిరిందని విన్నాడు కానీ ఎదురుపడటం అదే మొదలు.

“మగ్గం ఏంజేసినవమ్మా?”

“గుంత పూడ్చి బండలు పర్సిన మామా. పిల్ల సదువుకుంటానికి జాగ అయింది.” తనే మళ్ళీ అంది: “దుకాణంల దినమంత చీరలు మడత పెడ్త. మనోళ్ళు నేసింది ఏదో చేత్తో పట్టుకుంటెనే తెలుస్తది. కొనేటోళ్ళకు తెల్వదు.”

నాగప్ప ఏదో చెప్పబోయాడు. తప్పయిందనే అయి ఉంటుంది. లోపలి నుంచి యజమాని పిలుపు వినిపించింది. నాగప్ప వెనక్కి తిరిగి రోడ్డు దాటబోయి, రెండుసార్లు అడుగు వేసి బండ్లకు జడిసి ఆగిపోయాడు. కళావతి మెట్లు దిగి వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది.

“దా, నేను దాటిస్త,” అంది.

అవతలి పక్కన వదిలిపెట్టి, ఆయన ముఖం వైపు చూడకుండానే తిరిగి దుకాణంలోకి వెళ్ళిపోయింది.