మంచాల సందులో నేర్చిన పరుగు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో పాఠం చూపించింది. మారథాన్‌కు తయారయ్యేవాళ్ళు అడుగులు పొట్టిగా వేయాలట, పాదం మెత్తగా ఆనాలట, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలట. ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు ఆ పిల్ల చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ సంగతులన్నీ పందొమ్మిదివందల యాభైల్లోనే కార్వాన్‌లోని మా గల్లీ నాకు నేర్పింది, అదీ తిట్లతో!

ఆ ఎండాకాలం మా వైపు కుర్రకారు దూరపు పరుగు పందెం పెట్టారు. కార్వాన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా పోయి తిరిగి రావాలి. నేను పేరిచ్చానని తెలిసి మా బావ, అక్క మొగుడు, పదిమందిలో నవ్వి, "పోయేటప్పుడు ఉరుకుతవు, వచ్చేటప్పుడు రిక్షా ఎక్కుతవు తీయ్!" అన్నాడు. ఆయన పోయి ఏళ్ళయింది గాని ఆ మాట నాలోంచి పోలేదు.

పొద్దెక్కితే మా బట్టల దుకాణంలో కూర్చోవాలి, చీకట్లో గల్లీ దాటితే కుక్కలు. అందుచేత తెల్లవారుజామున గల్లీలోనే ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తేవాణ్ణి. వేసవిలో గల్లీ అంతా పడకగదే కదా ఆ రోజుల్లో! నీళ్ళు చల్లిన బండల మీద ఇంటింటి ముందూ నులకమంచాలు, నడుమ మనిషి పట్టేంత సందు. పహిల్వానులా రొమ్ము విరిచి, చేతులు చాపి, మడమలతో బండలు అదరగొట్టడమే పరుగని నా నమ్మకం. పక్కింటి పెద్దమ్మ లేచి కూర్చుని, "ఏంరా, ఉరుకుతున్నవా, పిండి దంచుతున్నవా? ఏంది నీ లొల్లి!" అని గల్లీ మొత్తం వినేలా అరిచింది. అదే ఊపులో నా మోచేయి తగిలి ఒకాయన దోమతెర ఆయన మీదే కూలింది. ఇంకొక్కరి నిద్ర చెడినా పందెం మాట ఎత్తొద్దని నాన్న తీర్పు చెప్పారు.

సరే, మీరు పడుకోండి, మీ తలల పక్కనుంచే పోతాను అనుకున్నాను. మోచేతులు దగ్గరికి లాక్కున్నాను, పెద్ద అంగలు మాని చిన్న అడుగులు గబగబా వేశాను, మడమ మీద కాక పాదం నడిమి మీద దిగాను. మొదట్లో పిక్కలు పీకేవి. ఆ పూట ఆగి, మర్నాడు కాస్త దూరం పెంచేవాణ్ణి. చివరికి ఒక వేకువన పెద్దమ్మ గురక ఆగకుండానే ఆమె మంచం దాటేశాను. ఆ సంబరం ఏమని చెప్పను! చిత్రమేమంటే, చప్పుడు తగ్గేకొద్దీ ఆయాసమూ తగ్గింది.

పందెం నాడు చాంద్రాయణగుట్ట మలుపు తిరిగేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఖాళీ రిక్షా ఒకటి పక్కనే వస్తోంది, బావే పంపినట్టు! కోపంతో కాళ్ళు మళ్ళీ కదిలాయి. ముందువాళ్ళ అడుగులు దబదబమంటున్నాయి, నావి వాళ్ళకు వినపడవు. పక్కకొచ్చాక ఉలిక్కిపడి చూసేవారు. ఒకణ్ణి దాటాను, ఇంకొకణ్ణి దాటాను, రెండోవాడిగా కార్వాన్‌లో అడుగుపెట్టాను, నా కాళ్ళ మీదే! పెద్దమ్మ జనంలోకి దూరి, "నేను తిట్టకుంటే వీనికి ఉరుకుడు వచ్చేదా?" అంది. బావ మాత్రం, "ఫస్టు రాలేదు గదా" అన్నాడు. చచ్చేదాకా శభాష్ అనలేదు.

ఇప్పుడా గల్లీలో మంచాలు లేవు, మోటారు సైకిళ్ళున్నాయి. మూసిన తలుపుల వెనుక, కూలర్ల మోతలో, ఎవరి నిద్ర వారిది. పోయిన వేసవిలో ఒక తెల్లవారుజామున అక్కడికి పోయి, చేతికర్ర టకటకలాడిస్తూ ఆ కొస దాకా నడిచాను. ఒక్కరు కూడా లేచి తిట్టలేదు. దీనికి ఎవరి మీద ఫిర్యాదు చేయాలో నాకింకా తోచలేదు.